పిట్టల మజ్నూన్

మొన్న శుక్రవారం జుమ్మా నమాజు చేసుకొని ఇంటికి వచ్చి చొక్కా మార్చుకుంటూ ఉండగా మా అమ్మాయి దగ్గరనుంచి ఫోనుకు ఒక వీడియో వచ్చింది. మేము ఈ సౌదీలోనే తూర్పు తీరాన ఉంటాం, అమ్మాయి, అల్లుడు రియాదులో ఉంటారు; ఎండలు ముదిరేసరికి అక్కడి వాళ్ళందరిలాగే వాళ్ళూ సెలవు పెట్టి అబహా కొండల మీదికి వెళ్ళారు. వీడియోలో పొగమంచు కమ్మిన కొండదారి, దారి పక్కన చెట్లు, ఆ చెట్ల ముందు కొంతమంది వరుసగా నిలబడి తలలు పైకెత్తి చూస్తున్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఈ దేశం వాళ్ళు, మనవాళ్ళు అందరూ ఉన్నారు, అందరి మెడల్లోనూ దుర్భిణులు ఉన్నాయి. వాళ్ళ మధ్య మా అమ్మాయి, నల్లటి అబాయా మీద దుర్భిణి వేలాడేసుకొని, పక్కనున్న ఆవిడకు ఏదో కొమ్మ చూపిస్తూ నవ్వుతోంది. వెనక ఒక సౌదీ యువకుడు ఆ పిట్ట పేరేమిటో, అది ఈ కొండల్లో తప్ప మరెక్కడా ఎందుకు కనబడదో ఎంతో ఓపికగా ఇంగ్లీషులో చెబుతున్నాడు.

తండ్రి అయినవాడు చూసి సంతోషించవలసిన దృశ్యమే. నాకు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి. చొక్కా సగం తొడుక్కున్నవాణ్ణి అలాగే మంచం మీద కూర్చుండిపోయాను. ఎందుకంటే ఆ దారి నాకు తెలుసు, ఆ మలుపు తెలుసు, ఆ పిట్ట మరీ బాగా తెలుసు. అదే మలుపు దగ్గర, మెడలో అలాంటి దుర్భిణితోనే నేను పడ్డ సిగ్గు ఇంతవరకూ నా పిల్లలకు చెప్పలేదు. చెప్పడానికి అందులో నా గొప్పేమీ లేదు మరి.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సౌదీ అంటే ఇసుక, ఎండ తప్ప మనకు మరొకటి తోచేది కాదు. కడప జిల్లానుంచి బయలుదేరేటప్పుడు నేను పెట్టెలో ఒక్క ఉన్నిబట్ట కూడా పెట్టుకోలేదు. తీరా దిగింది అబహాలో. జూన్ నెలలో సాయంత్రమైతే పళ్ళు టకటకలాడే చలి, మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి వడగళ్ళు, కిటికీ తీస్తే ఇంట్లోకి వచ్చే మబ్బు. మొదటి వారం మా షడ్డకుడి పాత కోటు తొడుక్కొని తిరిగాను. షడ్డకుడంటే మా ఆవిడ అక్క మొగుడు. నాకు వీసా ఏర్పాటు చేసి రప్పించింది ఆయనే. తన కఫీల్, అంటే తనకు పూచీపడ్డ సౌదీ యజమాని, పేరు మీద అక్కడ కూరగాయల అంగడి నడిపేవాడు. మనిషి మంచివాడు, మాటకారి. అరబ్బీ ఎంత గడగడా మాట్లాడేవాడంటే, బేరానికి వచ్చిన వాళ్ళు టమోటాలు మరిచిపోయి ఆయన మాటలు వింటూ నిలబడేవాళ్ళు.

నాకు అరబ్బీ ఇప్పటికీ అంతంతమాత్రమే, అప్పుడైతే సున్న. పోనీ ఉర్దూ వచ్చునా అంటే అదీ లేదు. మేము దూదేకులవాళ్ళం, తాతల కాలంనుంచీ మా ఇళ్ళల్లో తెలుగే. ముసల్మానువై ఉండి ఉర్దూ రాదా అని పాకిస్తానీ డ్రైవర్లు ఆశ్చర్యపోతే, నేను ఏదో నేరం చేసినవాడిలా నవ్వి ఊరుకునేవాణ్ణి. నాకు వచ్చిన అరబ్బీ అంతా పనికి సంబంధించింది: వైరు, డీజిలు, ఇంజను, రేపు, ఎల్లుండి, అయిపోయింది. ఈ మాటలతో ఒక జనరేటరును బాగుచేయవచ్చు గాని, ఒక మనిషి తన పరువును కాపాడుకోలేడు.

నా పని కొండల మీద టెలిఫోను టవర్లు చూసుకోవడం. గాలివానల తరువాత పైన బోల్టులు వదులయ్యాయేమో, గిన్నెల్లాంటి డిష్షులు పక్కకు తిరిగాయేమో ప్రతిసారీ ఎక్కి చూడలేం కదా, అందుకని కంపెనీవాళ్ళు ఒక బరువైన దుర్భిణి ఇచ్చారు. కిందనుంచే టవరు కొసదాకా చూసి, ఏదైనా తేడా కనబడితేనే మనిషిని ఎక్కించాలి. అలా ఒక రోజు టవరు కొస వెతుకుతూ ఉంటే అద్దాల్లోకి ఒక పిట్ట వచ్చి కూర్చుంది. కాకి జాతిదే, నలుపూ తెలుపూ, ఒంటికంటే పొడుగైన తోక, ఎండ తగిలితే ఆ నలుపులో ఆకుపచ్చా నీలం తళుక్కుమనేవి. నేను బోల్టుల సంగతి మరిచిపోయాను. అది మెడ తిప్పి సూటిగా నన్నే చూసినట్టనిపించింది. ఎక్కడో అంత ఎత్తున కూర్చున్నదాని కంటిరెప్ప కూడా నాకు కనబడుతున్నదన్న విడ్డూరం నన్ను పట్టేసుకుంది.

ఇక అక్కడినుంచీ నాకు పిట్టలు మెండుగా కనబడే ఎండాకాలం ఎప్పుడొస్తుందా అని ఉండేది. కొండ అంచు వెంట మెలికలు తిరుగుతూ పోయే ఆ దారికి రెండు వైపులా అరార్ చెట్ల అడవి. మన సరుగుడు చెట్టును పొట్టిగా, లావుగా ఊహించుకుంటే దాదాపు అలా ఉంటుంది. ఆ చెట్లలో వడ్రంగిపిట్టలు, కలబంద పూల మీద తేనెపిట్టలు, రాళ్ళ సందుల్లో పిల్లలను వెంటేసుకొని పరుగెత్తే కౌజులు. హుద్‌హుద్ పిట్టనైతే ఖురానులో పేరు విని ఉండడమే గాని, కిరీటం విప్పి నా ముందు నడుస్తుంటే చూసింది అక్కడే. దారి పక్క గోడల మీద కోతుల గుంపులు కూర్చుని వచ్చేపోయే కార్లను కస్టమ్స్ వాళ్ళలా తనిఖీ చేస్తూ ఉండేవి. ఈ పిట్టల పేర్లు నాకు ఎవరూ చెప్పలేదు. నేనే మా ఊరి పేర్లు పెట్టుకున్నాను, తప్పో ఒప్పో.

రెండో ఏడు మా ఆవిడ వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం షడ్డకుడి కారులో రెండు కుటుంబాలూ అన్నం, కూర గిన్నెలతో ఆ దారిన పోయి ఎక్కడో ఒక చెట్టు కింద చాప పరుచుకునేవాళ్ళం. షడ్డకుడు నిద్రపోయేవాడు, వాళ్ళ పిల్లలు కోతులకు రొట్టెముక్కలు విసిరేవాళ్ళు, వదినా మా ఆవిడా చాప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ ఊరి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. నేను దుర్భిణి మెడలో వేసుకొని కొంత దూరం పోయి నిలబడేవాణ్ణి. మా ఆవిడ ఒకటి రెండుసార్లు వెనకే వచ్చి ఏముందని అడిగింది. మాట్లాడితే ఎగిరిపోతుందని నేను చెయ్యెత్తి ఆపాను. పిట్టల దగ్గర నాకు ముక్కు మీద కోపం ఉండేది. ఆమె కాసేపు నిలబడి తిరిగి చాప మీదికి వెళ్ళిపోయేది.

ఈ దేశంలో కాపురం చేసినవాళ్ళకు ఒక మర్యాద వివరించనక్కరలేదు. కుటుంబంతో వచ్చినవాళ్ళు ఇంకో కుటుంబానికి దూరంగా, వీపు తిప్పి కూర్చుంటారు. ఆ వైపు మగవాడు కన్నెత్తి చూడకూడదు. పెళ్ళాం పిల్లలు లేని మగవాళ్ళనైతే అటు రానివ్వరు. కుటుంబంతో వచ్చినవాణ్ణి గనక నా గురించి ఎవరూ ఏమీ అనుకోరని నా ధీమా. ఆ ధీమాలోనే నేను మునిగిపోయాను.

ఆ శుక్రవారం ఒక మలుపు దగ్గర, లోయవైపు ఉన్న పెద్ద చెట్టు మీద ఆ నలుపూ తెలుపూ పిట్ట గూడు కనిపెట్టాను. పుల్లలన్నీ కలిపి పైకప్పుతో సహా అల్లుకున్న గూడు. లోపల పిల్లలున్నట్టున్నాయి, తల్లీ తండ్రీ వంతులవారీగా పురుగులు తెస్తున్నాయి. ఒక బండకు ఆనుకొని దుర్భిణి కళ్ళకు పెట్టుకున్నానంటే మళ్ళీ దించలేదు. ఆ అద్దాలకు ఒక గుణముంది, అందులో ఆ చిన్న గుండ్రం తప్ప చుట్టూ ప్రపంచం ఉండదు. నేను గూడునే చూస్తున్నాను. ఈలోగా ఆ చెట్టు కిందికి ఒక పెద్ద కుటుంబం రావడం, తివాచీలు పరవడం, ఆడవాళ్ళు మేలిముసుగులు తీసి తీరిగ్గా కూర్చోవడం, పిట్టలు బెదిరి ఎగిరిపోవడం అన్నీ జరిగిపోయాయి. పిట్టలు మళ్ళీ వస్తాయి కదా అని నేను అద్దాలను ఆ చెట్టు మీదే నిలిపి ఉంచాను.

ఎవరో భుజం పట్టి లాగి, మెడలోని దుర్భిణి గుంజుకుంటే తిరిగి చూశాను. ఇద్దరు యువకులు, వాళ్ళ వెనకాల కర్ర పట్టుకొని వాళ్ళ తండ్రి, ఒక ముసలాయన. అప్పుడు గాని చెట్టు కింద ఏముందో నాకు కనబడలేదు. ఆడవాళ్ళు ముఖాలు కప్పుకొని లేచి కార్లవైపు వెళుతున్నారు, ఒకావిడ చిన్నపిల్లను అబాయా చాటుకు లాక్కుంటోంది. నన్ను చూసి ఒక పసిపిల్లను దాచుకుంటున్నారన్నమాట. చెట్టు పైకి వేలెత్తి చూపించి తైర్, తైర్ అన్నాను, పిట్ట అని. ముగ్గురూ పైకి చూశారు. ఖాళీ కొమ్మలు. గూడుందని చెప్పడానికి నాకు మాట రాదు. ఇంతలో ఆ దారిన పోతున్న గస్తీ జీపు ఆగింది, చుట్టుపక్కల చాపల మీదనుంచి జనం లేచి వచ్చారు. వచ్చినవాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు.

జీపులో ఎక్కించారంటే కఫీల్‌ను పిలుస్తారు, ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రద్దుచేసి ఊరికి పంపేస్తారు. అది నాకు తెలుసు. అంతకంటే భయం మరొకటి. ఆడవాళ్ళను దుర్భిణితో చూసి పట్టుబడ్డాడన్న మాటతో ఊరికి పోతే మా నాయన ముఖం నేనెలా చూడాలి, మా ఆవిడ ఎవరి ముందు తల ఎత్తాలి.

షడ్డకుడు నిద్ర కళ్ళతోనే పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే ముసలాయన నుదురు ముద్దుపెట్టుకొని, జీపులోని అధికారి చెయ్యి రెండు చేతులతో పట్టుకొని మొదలుపెట్టాడు. అంతా నాకు అర్థం కాలేదు గాని, మజ్నూన్ అన్న మాట, మిస్కీన్ అన్న మాట పదేపదే వినబడుతున్నాయి. పిచ్చివాడు, పాపం అని. తన కణత మీద వేలు గుండ్రంగా తిప్పి చూపించాడు. వీడికి పుట్టుకనుంచీ బుర్ర సరిగా లేదు, పిట్టల వెంట పసివాడిలా తిరుగుతాడు, నా మరదలిని వీడికిచ్చి చేసి తప్పుచేశాం, ఏదో నేనే కనిపెట్టుకొని ఉన్నాను అని చెప్పాడట. నేను నోరు తెరవబోతే, ముఖం వాళ్ళ వైపే ఉంచి నాకు మాత్రమే వినబడేలా తెలుగులో అన్నాడు.

"తమ్ముడూ, నోరెత్తొద్దు. తల దించుకోని ఊరికే నవ్వు. నవ్వు, చెప్తాండా."

నవ్వాను. పెదవులు వదిలేసి, ఎటో చూస్తూ, పిచ్చివాడు ఎలా నవ్వుతాడని నేను అనుకున్నానో అలా నవ్వాను. జనం ముఖాల్లో కోపం పోయి జాలి వచ్చింది. కొందరు నవ్వారు కూడా. అధికారికి మాత్రం ఇంకా అనుమానం తీరలేదు. దూరంగా చాప దగ్గర నల్లటి ముసుగులో నిలబడి ఉన్న మా ఆవిడను చూపించి, ఆ అమ్మను అడగమన్నాడు. షడ్డకుడు ఇక్కడినుంచే కేకవేసి అడిగాడు, మనిషికి తల బాగాలేదు గదమ్మా అని, ఒకసారి తెలుగులో, అందరికీ వినబడేలా మరోసారి అరబ్బీలో. అందరూ ఆమెనే చూస్తున్నారు, నేను నవ్వుతూనే ఉన్నాను. తరువాత ఆమె తల ఊపింది.

ముసలాయన నా దగ్గరికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి ఏదో దువా చదివి ఊదాడు. కొడుకు చేతిలోంచి దుర్భిణి తీసుకొని, పిల్లవాడికి బొమ్మ ఇచ్చినట్టు నా మెడలో తానే వేశాడు. ఆయనది ఎంత మంచి మనసో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది గాని, అప్పుడు మాత్రం దాని బదులు చెంపమీద ఒక్కటి కొట్టినా బాగుండునని ఉండింది. అంతటితో ఆగలేదు. కాసేపటికి ఆయన కొడుకు పెద్ద పళ్ళెంలో మాంసం అన్నం, పుచ్చకాయ ముక్కలు తెచ్చి మా చాప మీద పెట్టి, ఆ పిచ్చివాడి భార్యకని చెప్పి వెళ్ళాడు. తినకపోతే వాళ్ళు చూస్తారని షడ్డకుడు అన్నాడు. మా ఆవిడ మేలిముసుగు కిందనుంచి పిడికెడు పిడికెడు తీసుకొని ఆ అన్నం తిన్నది. నేను చూడలేక లోయవైపు తిరిగి కూర్చున్నాను. ఈసారి ఎవరూ నన్ను తప్పుపట్టలేదు, పిచ్చివాడు ఎటు చూస్తే ఎవరికేం.

తిరుగు ప్రయాణంలో షడ్డకుడు, గండం గడిచిందిలే, ఇంకేం కావల్ల అని రెండుసార్లు అన్నాడు. నిజమే, ఆయన లేకపోతే నా బతుకు అక్కడే తెల్లారేది. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఏ హక్కూ లేదు. హక్కు లేని కోపం మరీ కుళ్ళబెడుతుంది.

ఇంటికి చేరి పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు చేసుకొని వచ్చేసరికి మా ఆవిడ వంటింటి గడప దగ్గర కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆమె ఓదారుస్తుందని ఎదురుచూశానని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఆమె తలెత్తకుండా అడిగింది.

"నిజంగానే పిట్టల్నే చూస్తాంటిరా?"

లోకమంతా ఒక వైపు ఉన్నా ఈ ఒక్క మనిషి నా వైపు ఉంటుందని, అది నాకు రావలసిందేనని అనుకున్నవాణ్ణి. పిట్టల్నే అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను. ఆమె కోపగించుకోలేదు, కన్నీళ్ళూ పెట్టుకోలేదు. పప్పులోంచి ఒక రాయి తీసి గడప అవతలికి విసిరి, నెమ్మదిగా అన్నది.

"ఊరికే అడిగినా. నాకేం తెల్సు? ఆ అద్దాల్లో ఏం అగుపడుతుందో ఒక్క దినమన్నా నాకు చూపించినారా?"

అంతే. చేట తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. జనం ముందు పిచ్చివాడినన్న సిగ్గు కొన్నాళ్ళకు అరిగిపోయింది. అక్కడి మనవాళ్ళు నాకు పిట్టల మజ్నూన్ అని పేరు పెట్టారు, కూరగాయల అంగడిలో నన్ను చూస్తే పిల్లలు రెక్కలాడించేవాళ్ళు, అదీ అలవాటైంది. కాని నా ఇంటి మనిషి నన్ను నమ్మడానికి నేను ఒక్క ఆధారమైనా ఆమె చేతిలో పెట్టలేదే అన్న సిగ్గు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆమె పక్కనే ఉన్నా నేనొక్కణ్ణే చూసుకున్నాను.

దుర్భిణిని కంపెనీ స్టోరులో అప్పజెప్పి, టవర్లను ఇంకొకరు చూసుకుంటారని చెప్పి, ఆ చలికాలంలోనే ఈ తూర్పు తీరానికి బదిలీ అడిగి వచ్చేశాను. ఇక్కడ కొండలు లేవు, అడవులు లేవు. సముద్రం మీద పిట్టలుంటాయి, నేను చూడను. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. ఆ రోజు సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు, మా ఆవిడ మరిచిపోయిందేమో అనుకునేవాణ్ణి.

కాలం ఎంత మారిపోయిందో చూస్తున్నారు కదా. ఆ దారిలో ఇప్పుడు పిట్టలను చూపించడానికి మనుషులున్నారు, ఎక్కడ నిలబడి చూడాలో చెప్పే బోర్డులున్నాయట. నన్ను పట్టుకున్న ఆ యువకుల పిల్లలే బహుశా దుర్భిణి ఎలా పట్టుకోవాలో పరాయివాళ్ళకు నేర్పుతున్నారు. అప్పుడు అటు కన్నెత్తి చూస్తే తప్పు, ఇప్పుడు అందరూ అందరినీ ఫోనుల్లో పట్టుకుంటున్నారు, ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. అప్పటి ఆ మర్యాద మంచిదా, ఇప్పటి ఈ స్వేచ్ఛ మంచిదా అంటే చెప్పగల తెలివి నాకు లేదు. నా సిగ్గు పుట్టిన లోకం మాత్రం పోయింది.

నిన్న అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. వచ్చే నెల నాకు ఖురూజ్, ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకొని ఇద్దరం ఊరికి వెళ్ళిపోతున్నాం. పోయేలోగా వాళ్ళతో పాటు నాలుగు రోజులు కొండల మీదికి రమ్మని, మేము చూడని పిట్టలు చూపిస్తానని ఒకటే పోరు. మా ఆవిడ ఫోను చెవికి ఆనించుకొని అంతా విన్నది. ఈమధ్యనే ఆమెకు కంట్లో శుక్లాలు తీశారు, ఇప్పుడు చూపు బాగానే ఉంది. అమ్మాయికి ఆమె చెప్పిన జవాబు ఒక్కటే.

"మీ నాయన పిలిస్తే వస్తా."

నేను అక్కడే, అదే గదిలో కూర్చుని ఉన్నాను. నిన్నటినుంచీ ఆ ఒక్క మాట అనడానికి రెండుసార్లు వంటింటి దాకా పోయి వచ్చాను. ఏళ్ళ తరబడి కాపురం చేసిన మనిషిని, రా, నాతో వచ్చి ఒక పిట్టను చూడు అని పిలవడానికి ఇంత సిగ్గేమిటో మీలో ఎవరికైనా తెలిసి ఉంటే తెలిసి ఉండాలి.